వేడినీళ్లలో మెట్టెలు

“నీళ్లు కాగినాయా మే?”

“ఇంకొంచెం కాగనీ అక్కా. చెయ్యి పెడితే చురుక్కుమనాల, కాలకూడదు” అంది వనజాక్షి, పొయ్యిలోకి కంపపుల్లలు ఎగదోస్తూ. కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే నెపం పొగ మీదికి నెట్టింది.

దొడ్లో బండ మీద కూర్చున్న హనుమక్క కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి.

వనజాక్షిది పక్కిల్లే. ధర్మవరంలో ఒక బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తుంది. పెళ్లికూతుళ్ల కాళ్లు నానబెట్టి, తోమి, నిగనిగలాడించడం ఆమె పని. ఆ మధ్యాహ్నం ఊరి క్రాసులో ఆటో దిగిందో లేదో, ఎదురొచ్చిన ఊరివాడు కుళ్లాయప్ప బండి ఆపకుండానే కేకేశాడు.

“నల్లప్ప ఇంటి ముందర ఊరంతా చేరినారమ్మా! బిన్నా పో, ఆలస్యం చెయ్యొద్దు!”

నల్లప్ప హనుమక్క మొగుడు. వరసగా మూడో ఏడు వేరుశనగ ఎండిపోయినప్పుడు గొర్రెలు తోలుకుని బళ్లారి వైపు పోయినవాడు, పదకొండేళ్లయినా మళ్లీ మొహం చూపలేదు. అక్కడ ఇంకో సంసారం పెట్టాడని కొందరు, లేదని కొందరు. ఊరి నోటికి మూకుడు పెట్టేవాళ్లెవరు?

వనజాక్షి గబగబా నడిచింది. దూరం నుంచే ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు, విడిచిన చెప్పులు, గుసగుసలాడే పెద్దమనుషులు కనిపించారు. శవాన్ని బళ్లారి నుంచి తెచ్చినట్టున్నారు అనుకుంది. ఏడుపులు వినపడలేదు గానీ, పదకొండేళ్లు ఇంట్లో లేనివాడి కోసం ఎవరేడుస్తారు? ముందు వైపు పోవడానికి మనసొప్పక సందులోంచి దొడ్డివైపు వచ్చింది.

“తెలిసింది అక్కా” అంది.

“తెలిసిందా? మంచిదాయె, చెప్పే పని తప్పింది. మే వనజా, పార్లర్లో కాళ్లకు ఏందో చేస్తానంటివే, అది నాకు చెయ్యి.”

ఇన్నేళ్లూ వనజాక్షి బతిమాలుతూనే ఉంది. “నా కాళ్లు చూసేటోళ్లు ఎవరుండార్లే” అని తోసేసేది హనుమక్క. ఇవాళ తనంతట తాను అడిగింది. అదీ ట్యాంకరు రాని రోజున, తొట్టి అడుగున మిగిలిన నీళ్లతో.

వనజాక్షి బేసిన్‌లో వేడినీళ్లు పోసి, చన్నీళ్లు కలిపి, గుప్పెడు కల్లుప్పు, కాస్త పసుపు, రెండు రెబ్బల వేపాకు వేసింది. కుంకుడుకాయలు నలిపి నురగ తీసింది. పార్లర్‌లో అయితే గులాబీ రేకులు చల్లుతారు. వాన చుక్కకే దిక్కులేని ఊళ్లో గులాబీలు ఎక్కడివి?

“పెట్టక్కా. కండ్లు మూసుకో.”

హనుమక్క పాదాల పగుళ్లలో ఎర్రమట్టి పేరుకుపోయింది. కూలిపనులకు తిరిగి తిరిగి వేళ్లు వాచి, వెండి మెట్టెలు కండలోకి దిగబడ్డాయి. నీళ్లు తగలగానే ఆమె “హమ్మా” అని వెనక్కి వాలింది.

“ఇంత సుకముంటాదా మే దీంట్లో? బాగా నాననీ. మెట్టెలు తీయాల.”

వనజాక్షి చేతులు ఆగిపోయాయి.

“అక్కా! పదోదినం కదా తీసేది? అదీ మొగుడు లేనోళ్లు తీస్తారు. తాళి కట్టుకున్న చేత్తో నేనెట్ల తీస్తాను?”

హనుమక్క ఆమె మొహంలోకి చూసింది. ఏదో చెప్పబోయి మానుకుంది.

“పది దినాలా? పదకొండేండ్లు ఆగినా మే. ఇంక ఒక్క పూట గూడా నావల్ల కాదు. భయమైతే ఆముదం ఇటియ్యి, నేనే పీక్కుంటా. నెత్తురొస్తే రానీ. వాళ్లు పిలిచేలోగా ఇవి ఊడాల.”

ఆ మాట అంటుండగానే ముందు నుంచి పెద్దమనిషి ఓబన్న గొంతు వినపడింది. “హనుమక్కా! వచ్చి ఆయన పక్కన కూర్చోమ్మా. పెద్దోళ్లం మేముండాము, జరగాల్సింది జరగనీ.”

హనుమక్క నీళ్లలోంచి కాళ్లు తీయకుండా, కళ్లు మూసుకునే చెప్పుకుపోయింది.

“ప్రతి ఆదివారం ఆయన నంబరుకు ఫోను చేస్తాంటి. ఆ నంబరు లేదని ఎవరో ఆడమనిషి చెప్తాండె. తెలిసీ చేస్తాంటి మే. ఇంట్లో ఇంకో మనిషి గొంతు వినపడాల కదా. జరమొచ్చి మూడు దినాలు పడుకుంటే, ఏం హనుమక్కా అని అడిగే దిక్కు లేదు. అప్పుడు గూడా ఇవి తీయలే.”

వనజాక్షికి దుఃఖం పొర్లుకొచ్చింది. మొగుడున్నన్నాళ్లూ ఒంటరిగా బతికినదానికి, పోయాక పద్ధతులు చెప్పడానికి మాత్రం ఇంతమందా అని ఊరి మీద ఒళ్లు మండింది. తాళి కళ్లకద్దుకుని ఆముదం సీసా అందుకుంది.

మొదటి మెట్టె నురగలో జారి వచ్చేసింది. రెండోది మొండికేసింది. ఆముదం రాసి, వేలికి దారం బిగించి చుట్టి, మెల్లగా తిప్పుతూ లాగితే చివరికి ఊడింది. దాని కింద తెల్లటి గుంత మిగిలింది.

హనుమక్క ఆ గుంతను వేలితో తడిమి చూసుకుంది. అప్పుడు ఏడ్చింది, గొంతు బయటికి రాకుండా. వనజాక్షి ఆమె పాదాలు వదలకుండా అలాగే పట్టుకుంది.

“తేలిగ్గుండాది మే” అంది చాలాసేపటికి, కొంగుతో మొహం తుడుచుకుంటూ. మెట్టెలు రెండూ వనజాక్షి అరచేతిలో పెట్టింది. “ముందరికి పోయి ఆయన చేతిలో పెట్టేసి రా. పక్కన కూర్చునేది లేదని పెద్దోళ్లకు చెప్పు. నేనీడే ఇంకొంచెం సేపుంటా, నీళ్లింకా వెచ్చగుండాయి.”

వనజాక్షి తల మీదికి కొంగు లాక్కుని ఇంట్లోకి నడిచింది. బిగుసుకుపోయిన శవం చేతిని ఎలా విప్పాలో, అందరి ముందూ ఏడవకుండా ఎలా ఉండాలో తెలియలేదు. వాకిలి దగ్గర ఒక్క క్షణం నిలబడి తలుపు తీసింది.

అరుగు మీద నల్లప్ప కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నాడు.