చికిత్సకు ముందు తీసిన ఫోటో

“మా అమ్మాయి ఫోటో ఇచ్చేదాకా నేనిక్కణ్ణుంచి కదలను!”

రిసెప్షన్‌లో గొడవ విని పళ్ల డాక్టరమ్మ గ్లవ్స్ తీసేస్తూ బయటికి వచ్చింది. నలిగిన బట్టలతో ఒకావిడ కౌంటరు పట్టుకుని నిలబడి ఉంది. ఎవరి తల్లో తెలియగానే డాక్టరమ్మకి సంగతి అర్థమైపోయింది. నవ్వితే పై చిగుళ్లన్నీ బయటపడుతున్నాయని పదిరోజుల కిందట వచ్చిన టీచరమ్మాయి తల్లి. వైద్యం మాన్పించడానికి వచ్చిందన్నమాట.

లోపల కూర్చోబెట్టి, బల్ల మీది ప్లాస్టిక్ దవడ చేతిలోకి తీసుకుంది.

“భయపడకండి. పళ్ల మీదికి దిగిన చిగుళ్లని లేజర్‌తో కాస్త కత్తిరిస్తాం, అంతే. పెదవి మరీ పైకి లేవకుండా ఇంజెక్షన్ కూడా ఉంది గానీ, నాలుగైదు నెలలే పనిచేస్తుంది. దవడ ఎముకకి ఆపరేషన్ మీ అమ్మాయికి అక్కర్లేదు. తను లేజరే కావాలంది.”

“అవేవీ వద్దమ్మా. ఫోటో ఇవ్వండి చాలు.”

డాక్టరమ్మకి ఒళ్లు మండింది. “వద్దనడానికి మీరెవరండీ? పాతికేళ్ల పిల్ల. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోమని చిన్నప్పట్నుంచీ నేర్పింది మీరేనట కదా?”

ఆవిడ తల దించుకుంది. “నేనే. ఎవరైనా వెక్కిరిస్తారేమోనని భయపడి, అందరికంటే ముందు నేనే వెక్కిరించాను.”

ఆ మాటకి డాక్టరమ్మ మెత్తబడిపోయింది. కంప్యూటర్లో ఫోటో తెరిచింది. చికిత్స మొదలుపెట్టే ముందు మనిషిని నిండుగా నవ్వించి ఒక ఫోటో తీయడం ఆమె పద్ధతి. ఆ పిల్ల పెదవి విప్పితే ఒట్టు. చివరికి డాక్టరమ్మ, తన మొట్టమొదటి పేషెంటు తన వేలు కొరికి పారిపోయిన సంగతి చెబితే పగలబడి నవ్వింది. ఫోటోలో చిగుళ్లన్నీ కనిపిస్తున్నాయి. కళ్లు మూసుకుపోయాయి.

ఆవిడ తెర మీద ఆ చిగుళ్లని వేలితో తడిమింది. “ఇంత బాగుంటుందా దీని నవ్వు!” అంటూ బావురుమంది. “ఇంట్లో ఉన్న ఫోటోలన్నిట్లో నోటికి చెయ్యి అడ్డమేనమ్మా. ఇదొక్కటి ఇప్పించండి, మీకు పుణ్యముంటుంది.”

ఇన్నాళ్లకి తల్లి మనసు మారిందని డాక్టరమ్మ సంతోషించింది. ఆ పిల్లకి ఈ మాట చెబితే ఎంత పొంగిపోతుందో అనుకుంది. కానీ పేషెంటుని అడక్కుండా ఫోటో ఎవరికీ ఇవ్వకూడదు, కన్నతల్లికైనా సరే.

“తప్పకుండా ఇస్తానండీ. సోమవారం వస్తుందిగా, తనని ఒక్కమాట అడిగి ఇచ్చేస్తాను.”

“ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా? నిన్ననే దాన్ని మట్టి చేసి వచ్చాం.”