తల ఊపిన కాపురం

"ఈ మెషిను తీసి పెట్టెలో పెట్టేస్తాను. మా ఆవిడ గొంతు రేకుడబ్బాలో గులకరాళ్లలా వినిపిస్తోంది," అన్నాడు వాచీ మెకానిక్, చెవుడు పోవడానికి ఆపరేషన్ చేయించుకుని కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్ల నెలవారీ సమావేశంలో.

"కొత్తలో అంతే బాబాయ్. మూణ్ణెల్లు ఓపిక పట్టు," అంది సమావేశం నడిపే టీచరమ్మ.

"ఎందుకమ్మా? పదేళ్లు చెవుడుతోనే కాపురం చేశా. ఆవిడేమన్నా తల ఊపేవాణ్ణి. గొడవే లేదు."

పక్కనే ఉన్న భార్య తిరిగి చూసింది. "వినపడకుండానే ఊపారా?"

గదిలో అందరూ నేలచూపులు చూశారు. అందరూ ఊపినవాళ్లే.

"మరి మా తమ్ముణ్ణి మనింట్లోనే ఉంచుకుందామంటే ఊపారే?"

ఆ బావమరిది ఎప్పుడు వెళ్తాడో అడగడానికి మెకానిక్ ఎనిమిదేళ్లుగా మొహమాటపడుతున్నాడు.

చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చి, మెషిను శబ్దం రెండు మెట్లు పెంచాడు.

"ఇంకా వేటికి ఊపానో, మొదట్నించీ చెప్పు," అన్నాడు.