గాలికోసం వరండా

బసవపున్నయ్యగారికి ఆ పొద్దున కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఊరికి ప్రెసిడెంటు ఆయన. బడికి పెద్దదిక్కూ ఆయనే. రచ్చలో ఆయన నోరు తెరిస్తే ఎదురు చెప్పిన మొగాడు లేడు. అలాంటి మనిషికి గురజాల కోర్టులో సాక్ష్యం చెప్పాలనేసరికి ముద్ద దిగలేదు.

కేసు సంగతి ఇదీ. ఊరికి ఎడంగా, మాచవరం దారిలో ఉన్న పాలెంలో ఉండే సారమ్మ కూతురు రత్నకుమారిని బళ్లో అందరితో పాటు లోపల కూర్చోనివ్వరు. పాలెం పిల్లలంతా వరండాలోనే. అంటరానితనం మీద కొత్త చట్టం వచ్చి రెండేళ్లయింది గదా, సారమ్మ వెళ్లి హెడ్మాస్టరు మీద ఫిర్యాదు పెట్టింది. కేసు నిలిస్తే పిల్ల లోపలికి. కొట్టేస్తే ఎప్పటికీ వరండానే.

హెడ్మాస్టరు తరఫు ప్లీడరు బసవపున్నయ్యకు రెండు ముక్కలు నేర్పాడు. పాలెం పిల్లలు గాలికోసం వాళ్లంతట వాళ్లే బయట కూర్చుంటారు. మా ఊళ్లో తేడాల్లేవు, అందరం ఒక ఇంటివాళ్లం. అంతే.

ఆ రెండు ముక్కలూ గొణుక్కుంటూ మాచవరం నుంచి వచ్చే బస్సెక్కాడు. ఎక్కిన కాసేపటికే టైరు ఢామ్మంది.

జనమంతా దిగి తుమ్మచెట్ల కిందికి చేరారు. ఎండా, ఆకలీ, కోర్టు భయమూ ఏకమై ప్రెసిడెంటుగారికి కళ్లు బైర్లు కమ్మాయి. ఉన్నచోటే కూలబడ్డాడు.

"అయ్యో, ఏందండీ అట్టా అయిపోయారు?"

ఒకావిడ గొడుగు పట్టుకుని వంగి చూస్తోంది. గంజి పెట్టిన తెల్లచీర, నున్నగా దువ్విన తల, కాళ్లకు చెప్పులు. ఈయన ఎక్కేటప్పటికే బస్సులో ఉంది. మాచవరంలో ఏ మాస్టారి భార్యో అయ్యుంటుందనుకున్నాడు.

"నీళ్లున్నయి. నా చేత్తో ఇస్తే తాగుతారా?"

"భలేదానివే తల్లీ! ప్రాణం పోతంటే అడుగుతావేంది? ఇటియ్యి."

మరచెంబు ఎత్తి గటగటా తాగేశాడు. ఆవిడ పెరుగన్నం గిన్నె కూడా మూత తీసింది. నంజుకోడానికి గోంగూర పచ్చడి.

"అబ్బబ్బ! మా ఇంటిది ముప్పయ్యేళ్ల బట్టి చేస్తంది, ఒక్కనాడన్నా ఇట్టా కుదర్లేదు."

కడుపు నిండేసరికి నోరు లేచింది. కేసంతా విప్పి చెప్పాడు.

"అంతా బానే ఉంది గానీ, బోనెక్కినాక మర్చిపోతానేమోనని దడ చెల్లెమ్మా."

"అయితే నన్నే ప్లీడరనుకోండి. నేనడుగుతా, మీరు చెప్పండి."

"ఆ ముక్క బాగుంది!"

"పాలెం పిల్లలు వరండాలో ఎందుకున్నారు?"

"గాలికి."

"వానాకాలంలో?"

బసవపున్నయ్య వేళ్లకంటిన పచ్చడి నాకాడు.

"వానాకాలంలో గాలి ఇంకా ఎక్కువ గదమ్మా!"

"మరి మీ మనవడు గాలికి కూర్చోడేం?"

"వాడికి జలుబు."

"ఏడాది పొడుగునా?"

"అమ్మ నా తల్లో! నిజం ప్లీడరు కూడా నీ ముందు దిగదుడుపే."

ఆవిడ నవ్వింది. తర్వాత గిన్నె మూత పెడుతూ అడిగింది.

"ఆ పిల్ల బాగా చదువుద్దా?"

"ఎక్కాలు గడగడా అప్పజెప్పిద్దంట, బయట కూర్చునే. నాకా పిల్ల మీద కోపమేం లేదమ్మా. లోపలికి రానిస్తే రేపు ఊళ్లో నా మాట చెల్లుద్దా?"

ఆవిడ గొడుగు మడిచి బస్సు వైపు నడిచింది. టైరు మార్చడం అయిపోయింది.

కోర్టులో ప్రమాణం చేసి తలెత్తేసరికి వెనక బల్ల మీద ఆవిడే కనిపించింది. తన సాక్ష్యం వినడానికే వచ్చింది కాబోలు! బసవపున్నయ్యకు ఎక్కడలేని హుషారొచ్చింది.

నేర్పిన రెండు ముక్కలూ అప్పజెప్పాక సర్కారు ప్లీడరు లేచాడు.

"వానాకాలంలో కూడా గాలికేనా?"

"అప్పుడు గాలి ఇంకా ఎక్కువండి!"

హాలంతా గొల్లుమంది. తన జవాబు అదిరిందనుకుని ఈయనా నవ్వాడు.

"ఊళ్లో తేడాల్లేవంటారు?"

"లేవండి. అందరం ఒక ఇంటివాళ్లం."

"సారమ్మను ఎరుగుదురా?"

"ఎరక్కేం! పదేళ్ల బట్టి మా మిరపచేలో కలుపు తీస్తంది. మా ఇంట్లో మనిషి లెక్క."

"ఆమె చేతి నీళ్లు తాగుతారా?"

ఇది ఎవరూ నేర్పలేదు. బసవపున్నయ్య ఉత్తరీయంతో మెడ తుడుచుకున్నాడు.

"ఇంతవరకూ ఆ అవసరం రాలేదండి."

"సరే. మీ ఇంట్లో మనిషేగా, ఈ హాల్లో ఉందేమో చూపించండి."

ఇదెంత పని అనుకున్నాడు. గోడవారన చూశాడు, గుమ్మం దగ్గర చూశాడు, కిటికీలోంచి తొంగిచూసే వాళ్లనూ చూశాడు. నడుమ రెండుసార్లు బస్సులో ఆవిడ కనిపిస్తే మర్యాదగా తలూపి ముందుకు పోయాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం! చేలో తలగుడ్డ కట్టుకుని వంగిన వీపు ఎరుగును. దారిలో తనొస్తుంటే పక్కకు తప్పుకుని తలొంచే మనిషిని ఎరుగును. మొహం ఎప్పుడన్నా చూశాడా, పాడా!

"రాలేదండి," అన్నాడు ఖాయంగా. "తప్పుడు కేసు గదా, మొహం చెల్లలేదు."

హెడ్మాస్టరు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

మేజిస్ట్రేటుగారు కళ్లజోడు తీసి వెనక బల్ల వైపు చూశారు.

"సారమ్మా, ఒకసారి లేచి నిలబడమ్మా."

ఇందాక తుమ్మచెట్టు కింద ఆయనకు అన్నం పెట్టి, సాక్ష్యం వల్లె వేయించిన మనిషి కుచ్చెళ్లు సర్దుకుంటూ లేచి నిలబడింది.