అద్దె నంబరు

“‘రెండో కుట్టు’ పేజీ మీదేనామ్మా?”

టైలరమ్మ మిషను తొక్కడం ఆపి తలెత్తింది.

గుమ్మంలో ఎవరో పెద్దాయన. చేతిలో గుడ్డసంచి. చొక్కా జేబు ఓ పక్క పిగిలి వేలాడుతోంది. జేబు కుట్టించుకోవడానికి వచ్చాడేమో అనుకుంది.

“నాదే. మీకేం కావాలి?”

“నాకేం వద్దమ్మా. మీ కోడ్లు నా ఫోనుకి వస్తున్నాయి.”



ఆ పేజీయే ఆవిడకి కూడు పెట్టేది. ఎనిమిది వేలమంది చూస్తారు. ఆరేళ్ళ ఆర్డర్లు, అందరి కొలతలు అందులోనే ఉన్నాయి. మొదట్లో సొంత నంబరు పెడితే పనీపాటా లేనివాళ్ళు వేళాపాళా లేకుండా ఫోన్లు చేసి ప్రాణం తీశారు. అప్పుడు, పక్క కొట్లో ఫోన్లు బాగుచేసే మరిది నెట్లో ఓ అద్దె నంబరు తీసి పేజీకి తగిలించాడు. సిమ్ముండదు, ఏమీ ఉండదు. మెసేజీలు మాత్రం వస్తాయి.

“కోడ్ ఒక్కసారొస్తే చాలు వదినా. తర్వాత ఆ నంబరుతో మనకేం పని?” అన్నాడు. వారం తిరిగేసరికి దాన్ని వదిలేశాడు కూడా.

మూడు నెలల కిందట ఆవిడ ఫోను నీళ్ళ బకెట్లో పడింది. కొత్త ఫోనులో పేజీ తెరవబోతే ఆ నంబరుకే కోడ్ పంపామంది. మరిది మళ్ళీ ఆ నంబరు తీసుకుందామని చూస్తే, అప్పటికే వేరొకరి వాడకంలో ఉందన్నారు. అప్పట్నుంచీ సొంత కొట్టుకి తాళం పడి వీధిలో నిలబడ్డట్టుంది ఆవిడ పని. అయినా ఆశ చావక రోజూ ఓసారి నొక్కి చూస్తోంది.

ఆ కోడ్లన్నీ చేరుతున్నది ఈయనకన్నమాట!

“మా కొట్టు మీకెలా తెలిసింది?”

“మెసేజీలో పేజీ పేరుందమ్మా. పేజీలో మీ కొట్టు ఫొటో ఉంది. నీలం తలుపు, పక్కన మందుల షాపు. ఆ గుర్తు పట్టుకుని తిరుగుతున్నా. ఊళ్ళో ఇన్ని మందుల షాపులుంటాయని నాకేం తెలుసు?”

తనే నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

“పేజీకే మెసేజ్ పెట్టొచ్చుగా?”

“పెడితే ఎవరు చదువుతారు? మీరు లోపలికి పోలేకనేగా కోడ్ అడుగుతున్నారు.”

మాట సూటిగానే ఉంది. అంత సూటిగా ఉండటమే ఆవిడకి అనుమానమైంది.

“ఇప్పుడోసారి నొక్కండమ్మా. కోడ్ వస్తే చదివి చెప్తాను. లోపలికెళ్ళి మీ సొంత నంబరు పెట్టేసుకోండి.”

కోడ్ అన్న మాటా, నొక్కమన్న మాటా ఒకే నోట వస్తే ఆమడ దూరం పారిపొమ్మని బ్యాంకువాళ్ళు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. ఆవిడ మరిదిని కేకేసింది.

మరిది చేతిలో స్క్రూడ్రైవరుతోనే ఊడిపడ్డాడు.

“కోడ్ మాటెత్తాడా? అయితే దొంగే వదినా. ఏం పెద్దాయనా, ఎంత గుంజుదామని?”

“డబ్బెందుకు బాబూ?”

“మరి ఆ నంబరు నీకెందుకు?”

“పాత సైకిలు నెట్లో పెట్టి అమ్ముదామని తీసుకున్నా. ఒక్క వారానికి.”

“అమ్ముడుపోలేదా?”

“మర్నాడే పోయింది.”

“మరి మూడు నెలల్నుంచీ దాన్ని పట్టుకుని వేలాడుతున్నావేం?”

పెద్దాయన నోరు తెరిచాడు. మరిది చెప్పనిస్తేనా! చొక్కా పట్టుకుని వీధిలోకి నెట్టాడు. పిగిలిన జేబు కాస్తా ఊడి కింద పడింది.

“రేపు మళ్ళీ వస్తానమ్మా. కాస్త ఆలోచించుకోండి,” అన్నాడాయన, జేబు ఏరుకుంటూ.

“బెదిరిస్తున్నాడు చూశావా వదినా!”

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ కూర్చుని నంబర్లు అద్దెకిచ్చే కంపెనీకి ఫిర్యాదు రాశారు. రెండు గంటల్లో జవాబొచ్చింది: ‘ఆ నంబరును సదరు వ్యక్తి నుంచి తొలగించాం.’

“పీడా వదిలింది. రేపు నింపాదిగా మనమే తీసుకుందాం,” అన్నాడు మరిది.

తెల్లారేసరికి ‘రెండో కుట్టు’ పేరే మారిపోయింది. గౌన్ల ఫొటోలు మాయం. వాటి చోట మెరిసిపోయే వాచీలు. సగం ధరట, డబ్బు ముందే పంపాలట. టైలరమ్మ పేజీయే కదా అని నమ్మి పాతికమంది పంపేశారు కూడా.

ఎప్పుడూ ఇక్కడే కుట్టించుకునే స్కూలు టీచరమ్మ కొట్లోకి వచ్చి మరీ అడిగింది. “నువ్వూ ఇంతేనా?”

“ముసలాడి పనే!” మరిది పళ్ళు కొరికాడు.

ఆ రోజు పెద్దాయన రాలేదు. టైలరమ్మ కంపెనీకి ఫోన్ చేసింది.

“ఆయన కాదు మేడమ్,” అంది అవతలి అమ్మాయి. “మీరు చెప్పారనేగా ఆయన దగ్గర్నుంచి తీసేశాం. ఖాళీ నంబర్లలో పెట్టిన పదకొండో నిమిషంలో ఇంకెవరో తీసుకున్నారు. ఖాళీ అయిన నంబరుతో ఎవరి పేజీ తెరుచుకుంటుందా అని కాచుక్కూర్చునేవాళ్ళుంటారండి.”

“ఎవరికి పడితే వాళ్ళకి ఎలా ఇచ్చేస్తారమ్మా?”

“అద్దె నంబరంటేనే అంతండి. ఎవరో ఒకరు వారం వారం కడుతూ ఉంటేనే ఇంకొకరి చేతికి పోకుండా ఆగుతుంది.”



“ఆయన ఫోను నంబరైనా ఇప్పించమ్మా.”

“ఇవ్వకూడదండి. ఆయన మా దగ్గర ఖాతా కూడా మూసేసుకున్నారు.”

“మరి... ఇన్నాళ్ళూ ఎందుకు కట్టాడు?”

“పొడిగించుకున్న ప్రతిసారీ కారణం రాయాలండి. పన్నెండుసార్లూ ఒకటే రాశారు. చదవమంటారా?”

“చదువమ్మా.”

“‘ఇది నాది కాదు, ఎవరో టైలరమ్మది, ఆవిడ దొరికేదాకా దయచేసి ఇంకెవరికీ ఇవ్వకండి.’”