బోర్లానా, వెల్లకిలానా?

"ఇక్కడ సంతకం పెట్టేయండి, నేను బయల్దేరతాను," అంటూ పెద్ద కంపెనీ ఇంజనీరమ్మ కాగితాన్ని బల్ల మీద ముందుకు జరిపింది.

చిప్‌లు తయారుచేసేది ఆ పెద్ద కంపెనీ. వాటిని బోర్డుల మీద సోల్డరింగ్‌తో అతికించి ఇచ్చేది ఈ చిన్న ఫ్యాక్టరీ. బోర్డులు కాలిపోయింది మా పనితనం బాగాలేకే అని ఫ్యాక్టరీవాళ్ళు ఒప్పుకుంటున్నట్టుంది ఆ కాగితంలో. సంతకం పెడితే ఆరు నెలలు పని ఇవ్వరు. పెట్టకపోతే ఇక ఎప్పటికీ ఇవ్వరు.

ఓనరు పెన్ను మూత తీశాడు. పక్కనున్న సూపర్‌వైజరు ఆ పెన్ను లాగేసుకున్నాడు. మెడలో ఎప్పుడూ భూతద్దం వేలాడేసుకుని తిరుగుతాడని ఫ్యాక్టరీ అంతా అతన్ని భూతద్దం అనే పిలుస్తుంది. ఓనరుకి స్వయానా బావమరిది, అందుకే అంత చొరవ.

"ఆగు బావా. ముప్పై మందిని ఆరు నెలలు ఇంట్లో కూర్చోబెడతావా?"

"మరేం చెయ్యమంటావురా? వాళ్ళతో పెట్టుకుని బతగ్గలమా?"

"మా భాగస్వాములందరూ సహకరిస్తున్నారు," అంది ఇంజనీరమ్మ. "మిగతా నాలుగు ఫ్యాక్టరీలవాళ్ళూ నిన్ననే పెట్టేశారు."

భూతద్దానికి ఒళ్ళు మండింది. పని చేయించుకునేటప్పుడు భాగస్వాములట, కాలినప్పుడు మాత్రం దోషులట.

"ఐదు ఫ్యాక్టరీలు మేడమ్. ఒకరి మొహం ఒకరు ఎరగం. అందరం కూడబలుక్కున్నట్టు ఒకే తప్పు చేశామంటే మీరు నమ్ముతున్నారా?"

ఆవిడ కాగితాన్ని ఇంకాస్త ముందుకు జరిపింది.

భూతద్దం బీరువాలోంచి, చిప్‌కి ఏ కాలు ఎక్కడుంటుందో చూపిస్తూ పెద్ద కంపెనీ గీసి పంపిన బొమ్మ తీసి బల్ల మీద పరిచాడు. దాని పక్కన ఒక చిప్ పెట్టి, మెడలోని అద్దం తీసి ఆవిడ చేతికిచ్చాడు.

"బోర్డు మీద చిప్‌ని ఇలా కాళ్ళు కిందికి ఉండేలా బోర్లా పెట్టే బిగిస్తాం. చుక్క ఉన్న మూలే కదా కరెంటు వెళ్ళే కాలు? ఏ పక్కనుంది?"

"కుడి పక్క."

"మీ బొమ్మలో?"

ఆవిడ వంగి చూసింది. "ఎడమ పక్క."

అతను చిప్‌ని పక్కకి తిరగేసి, కాళ్ళు పైకి వచ్చేలా వెల్లకిలా పడుకోబెట్టాడు. "ఇప్పుడు ఆ కాలు ఏ పక్కకొచ్చింది?"

"ఎడమే," అంది. గొంతు బాగా తగ్గింది.

"వెల్లకిలా పెట్టి గీసి, కింద 'పైనుంచి చూసినప్పుడు' అని రాశారు. మీరు రాశారు కదా అని మేం నమ్మాం. కరెంటు పోవలసిన చోటికి కాకుండా ఇంకో చోటికి పోయింది, కాలిపోయింది. ఏ మహానుభావుడు గీశాడో గానీ, ఆ పూట తలకిందులుగా వేలాడుతూ గీసుంటాడు."

"ఒరేయ్, కాస్త నోరు మూసుకో," అన్నాడు బావ పళ్ళ బిగువున.

"ఇన్నాళ్ళూ మూసుకునే ఇంతదాకా తెచ్చుకున్నాం బావా. ఆ మనిషి నిద్రమొహం ఒక్కసారి చూడాలనుంది నాకు."

ఇంజనీరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. బొమ్మని మడిచి బ్యాగులో పెట్టుకుంది. సంతకం లేని కాగితమూ తీసేసుకుంది. వరండాలోకి వెళ్ళి ఫోను తీసింది.

బావ కుర్చీలో కూలబడ్డాడు. "మన దగ్గరున్న ఒక్క ఆధారమూ చేతులారా ఇచ్చేశావు. నీ నోటిదూల అందరి కొంపా ముంచింది."

భూతద్దం ఖాళీ బీరువా వైపు చూశాడు. నిజమే, ఇంకో కాపీ అయినా తీసి ఉంచలేదు. అద్దాల గోడ అవతల మిషన్ల దగ్గరున్న వాళ్ళంతా పని ఆపి ఇటే చూస్తున్నారు. వాళ్ళకేం చెప్పాలో పాలుపోలేదు. బతిమాలైనా సరే బొమ్మ వెనక్కి తెచ్చుకుందామని వరండా తలుపు దాకా వెళ్ళాడు.

ఆవిడ అటు తిరిగి మాట్లాడుతోంది.

"లేదు సార్, ఐదుగురిలో ఎవరి తప్పూ లేదు. బొమ్మే తప్పు. నా కళ్ళతో చూశాను. ఆ నాలుగు సంతకాలూ ఇవాళే వెనక్కి పంపించేయండి. ఎవరికీ ఒక్క రోజు కూడా పని ఆగకూడదు... మన పరువంటే ఎలా సార్, వీళ్ళది పరువు కాదా?... సరే, ఎవరో ఒకరి పేరు రాయాలంటే రాసుకోండి. ఆ బొమ్మ గీసింది, ఇప్పుడు మీతో మాట్లాడుతున్న నేనే."