ముందు సీటు

స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లండ్ దీవుల్లో నేను చేరిన ఏడోది అది. ఇద్దరు కూర్చునే కయాక్ పడవను ఒడ్డుకు లాగుతుంటే, ఓస్లా అనే ముసలామె ముందు సీటులోకి తొంగిచూసింది.

"ఏమయ్యా, మా దగ్గర రాళ్ళు లేవనుకున్నావా, మోసుకొచ్చావు?"

"ముందు బరువు లేకపోతే పడవ ముక్కు పైకి లేస్తుంది. యాభై రెండు కిలోలు."

"అంత కచ్చితంగానా?"

"మా ఆవిడ గ్రీటా బరువు. పోయిన వేసవి దాకా తనే కూర్చునేది."

ఓస్లా ఒక్కో రాయీ తీసి ఒడ్డున పెట్టింది. "ఎదురు దీవిలో మా చెల్లెలి పుట్టినరోజు. ఫెర్రీ సాయంత్రానికి గానీ రాదు. పద."

ఆ సీటు ఎవరికీ ఇవ్వనని చెప్పబోయాను. అప్పటికే ఎక్కేసింది.

సగం దూరంలో తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కబుర్లు మొదలుపెట్టింది.

"తెడ్డు వెయ్యవే, గ్రీటా!" నోరు జారింది.

ఓస్లా వెనక్కి తిరగలేదు.

"వేస్తున్నాలే, అరవకు," అంది. తెడ్డు మాత్రం ఒళ్ళోంచి కదల్లేదు.