నా దగ్గర వదిలేసి వెళ్ళు

"నొప్పి పదికి ఎంత?" మైకులో అడిగింది డాక్టరమ్మ.

"రెండు... కాదు, ఒకటిన్నర." స్కానర్ లోపలి నుంచి, ప్రయోగానికి ఒప్పుకుని వచ్చిన కాలేజీ అమ్మాయి గొంతు బద్ధకంగా వినిపించింది.

డాక్టరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి.

అమ్మాయి మణికట్టుకు కట్టిన బిళ్ళ బాగా వేడెక్కి ఉంది. చర్మం కాలదు గానీ, ప్రాణం విలవిల్లాడే వేడి. మొన్నటిదాకా అదే వేడికి అందరూ ఏడనేవారు, ఎనిమిదనేవారు.

తెర మీద మెదడు బొమ్మ చూసింది. ఎర్రగా భగ్గుమనాల్సిన చోట లేత నీలం, పొద్దుగూకాక మిగిలిన వెలుగులా పరుచుకుని ఉంది.

నొప్పి మెదడులో ఎక్కడ రాజుకుంటుంది, ఎలా ఆరుతుంది? ఆ ప్రశ్న వెంటపడే ఆమె జుట్టు నెరిసింది. ఆస్పత్రిలో అందరికీ ఆమె 'నొప్పుల డాక్టరమ్మ'.

"మిషను పాడైనట్టుంది," అంది టెక్నీషియన్‌తో.

"ఇప్పుడే చూశాను మేడం. నిక్షేపంలా ఉంది."

అమ్మాయి నిద్రలో నడుస్తున్నట్టు బయటికి వచ్చింది.

"నిజం చెప్పమ్మా. నొప్పి పుట్టలేదా?"

"పుట్టింది మేడం. కానీ ఎక్కడో దూరంగా, వేరేవాళ్ళింట్లో పుట్టినట్టుంది. నా చెయ్యి బయట పెద్దమ్మ దగ్గర వదిలేసి వచ్చాను కదా!"

"ఏ పెద్దమ్మ?"

జవాబు కోసం ఆగకుండా డాక్టరమ్మ వెయిటింగ్ హాల్లోకి నడిచింది.

కిటికీ తెరల్లోంచి మధ్యాహ్నపు ఎండ వడగట్టినట్టు పడుతోంది. బెంచీ మీద శాలువా కప్పుకున్న ఓ పెద్దావిడ. తర్వాత లోపలికి వెళ్ళాల్సిన లారీ డ్రైవర్ చెయ్యి ఆమె అరచేతుల మధ్య ఉంది.

"భయమెందుకు నాన్నా? ఈ చెయ్యి నా దగ్గర వదిలేసి వెళ్ళు. నువ్వొచ్చేదాకా భద్రంగా చూసుకుంటాను," అంటోంది జోల పాడుతున్నట్టు.

అంత లావు మనిషీ పసివాడిలా కళ్ళు మూసుకున్నాడు.

తనూ వెళ్ళి ఆ పక్కన కూర్చోవాలనిపించింది డాక్టరమ్మకి, ఒక్క క్షణం. మరుక్షణం ఒళ్ళు మండింది.

"ఎవరండీ మీరు? ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదమ్మా. ఊరికే కూర్చున్నా."

"ఊరికే కూర్చుని నా పనంతా నీళ్ళపాలు చేశారు! వాళ్ళకి నొప్పి పుట్టాలండీ. పుట్టకపోతే నేనేం కొలవను?"

పెద్దావిడ నొచ్చుకోలేదు. "అయ్యో, అలాగా తల్లీ!" అంటూ గోడ పట్టుకుని మెల్లగా లేచింది.

రెండడుగులు వేసి ఆగింది.

"పోనీ, రోజూ కాదు... అప్పుడప్పుడూ రానా?"

"వద్దండీ."

మర్నాటి నుంచి తెర మీద మళ్ళీ ఎరుపు భగ్గుమంది. ఏడు. ఎనిమిది. ఏడున్నర. అన్నీ అనుకున్నట్టే.

డాక్టరమ్మకి మాత్రం ముద్ద దిగలేదు. కళ్ళు మూసినా తెరిచినా ఆ లేత నీలమే. నొప్పి ఆరిపోయే దారి తన గుమ్మంలోకే నడిచొస్తే, తనే తలుపేసుకుంది కదూ!

వారం తిరక్కుండానే హాల్లోకి పరిగెత్తింది. బెంచీ మీద పెద్దావిడ లేదు. అటుగా వెళ్తున్న నర్సుని ఆపింది.

"శాలువా కప్పుకుని ఇక్కడ ఒకావిడ కూర్చునేది చూడు, ఆవిడ ఇల్లెక్కడో తెలుసా? కాళ్ళు పట్టుకునైనా తీసుకొస్తాను. స్కానర్ పక్కనే కుర్చీ వేసి కూర్చోబెడతాను."

నర్సు తలదించుకుంది.

"ఆవిడ నిన్న పొద్దున పోయారు మేడం. పై అంతస్తులో మన పేషెంటే. ఎముకల కేన్సర్."

డాక్టరమ్మ బెంచీ మీద కూలబడింది. "కేన్సరా? మరి ఆ రోజు అంత నిమ్మళంగా కూర్చుని..."

"మన మందులేవీ ఆవిడకి పనిచెయ్యలేదు మేడం. నొప్పి ఓర్చుకోలేనప్పుడల్లా ఇలా కిందికొచ్చి, ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని కూర్చునేవారు."